డాలస్ ఇండెక్స్ తక్కువుంటే ఖర్చూ తక్కువేనా అన్నా?

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది మిర్యాలగూడ. డాలస్‌కు వచ్చి మూడు వారాలైంది. రెండు ఆఫర్లున్నాయి, ఒకటి ఇక్కడ, ఒకటి న్యూజెర్సీలో. ధరల సూచీ చూస్తే డాలస్ అంకె తక్కువుంది. అంటే ఇక్కడే చవకనా?

—

తమ్ముడూ, డాలస్ చవక అన్నది నిజమే కావచ్చు, కానీ ఆ అంకె చెప్పేది అది కాదు. 1982-84లో ఏ ఊరి ధరలు ఎంతున్నా, వాటిని ఆ ఊరికి 100 అనుకున్నారు. అప్పటి నుంచి ఎంత పెరిగాయన్నదే సూచీ. మన దగ్గరి లెక్కే చూడు. కిలో బియ్యం నల్లగొండలో 40 నుంచి 50కి, హైదరాబాద్‌లో 60 నుంచి 66కి పోయిందనుకో. సూచీ నల్లగొండలో 125, హైదరాబాద్‌లో 110. మరి పిరం ఎక్కడ?

ఊరికీ ఊరికీ పోల్చాలంటే ఇక్కడి ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ అనాలిసిస్ వాళ్ళ రీజినల్ ప్రైస్ పారిటీస్ చూడు, అంటే ఏ చోట ధరలు దేశం సగటుకు ఎంత పైనో కిందో చెప్పే అంకెలు. అందులో దేశం సగటు 100, న్యూజెర్సీ దానికి పైనే. ఇంకో మాట, టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, న్యూజెర్సీలో ఉంది. ఆ తేడా ఈ లెక్కల్లో దేంట్లోనూ కనబడదు.

ఇక కిరాయి. ఇంటి నుంచి ఫోన్ చేస్తే బియ్యం ధర అడుగుతారు. మన దేశంలో 2012 ఆధారంగా వేసిన సూచీలో తిండిదే దాదాపు 46 శాతం మరి. ఇక్కడ మూడో వంతు ఇంటి ఖర్చే. పైగా సూచీలో ఏళ్ళ తరబడి అదే ఇంట్లో ఉన్నవాళ్ళ కిరాయిలూ కలుస్తాయి, నీకు పడేది ఇవాళ్టి రేటు. 2022లో మా బిల్డింగ్‌లోకి ఒక మహబూబ్‌నగర్ పిల్లాడు కొత్తగా దిగాడు. నాదీ అతనిదీ ఒకే సైజు ఇల్లు, కిరాయి మాత్రం నాకంటే నెలకు 350 డాలర్లు ఎక్కువ కట్టాడు. అందుకే లీజు రేట్లు స్వయంగా ఫోన్ చేసి కనుక్కో.

—

అన్న చెప్పింది కరెక్ట్. సూచీ అక్కరకొచ్చేది జీతం పెంచమని అడిగేటప్పుడు. చేరిన నెల అంకె రాసిపెట్టుకో. అప్పుడు 300, ఏడాదికి 309 అయితే పెరిగింది 3 శాతం, 9 కాదు. 80,000 జీతం 82,400 అయితేనే నువ్వు ఉన్నచోట ఉన్నట్టు. 2022 జూన్‌లో ధరలు ఏడాదిలో 9.1 శాతం పెరిగాయి, మా ఆఫీసులో 4 ఇచ్చారు. లెక్క చూపించి అడిగితే ఇంకో 2 ఇచ్చారు. న్యూజెర్సీ ఆఫీసు ఏ ఏరియాలోనో రాయి తమ్ముడూ, అక్కడి కిరాయిలు నేను కనుక్కుంటాను.