పెద్ద వీణ పని పట్టుకుని ఉండాలా, చిన్న వీణలకి మళ్లాలా?

పనసదుంగ:
బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ పని నేర్చుకుంటున్నాను. కుండ (నాదం పలికే గుండ్రటి బోలు భాగం) తొలవడం వచ్చింది, మేళం కట్టడం దగ్గర ఆగాను, అంటే మైనంలో మెట్లు (తీగ నొక్కే అడ్డకమ్మీలు) నిలిపి శ్రుతి కుదర్చడం. నాతో మొదలెట్టినవాళ్లు బహుమతులకిచ్చే చిన్న వీణలు చేస్తూ నాలుగు డబ్బులు చూస్తున్నారు. నాకు పెద్ద వీణంటేనే ప్రాణం, కానీ ఒక్కోదానికి నెల దాటుతోంది. పక్కవాళ్ల వీణ మీద మెట్ల దూరాలు స్కేలుతో కొలిచి పెట్టినా నాది అపశ్రుతే. ఈ పనికి నేను తగనా?

మైనంముద్ద:
తగవా అన్న మాట తర్వాత, ముందు ఆ స్కేలు తీసెయ్యి తమ్ముడూ. లెక్క ప్రకారం 12వ మెట్టు తీగకి సగంలో ఉండాలి. తీగ 84 సెం.మీ. అనుకో, తారషడ్జం (పై స) గుర్రం (కుండ మీద తీగ ఆనే దిమ్మ) నుంచి 42 దగ్గర, 7వ మెట్టు పంచమం (ప) 56 దగ్గర. ఇది పెన్సిలు గీతకే పనికొస్తుంది. నొక్కితే తీగ సాగి స్వరం పైకి పోతుంది. ఎంత పోతుందన్నది నీ గుర్రం ఎత్తు, నీ మెట్టు ఎత్తు, నీ తీగ లావు తేలుస్తాయి. అందుకే పక్క వీణ కొలత నీ వీణకి ఎప్పటికీ కుదరదు. పైకి పలికితే మెట్టుని బిరడల (తీగ బిగించే మరల) వైపు వెంట్రుకవాసి జరుపు. ముందు 12, తర్వాత 7, 5. మిగతావి కింద స్థాయికి పై స్థాయిని జోడించి విను: 1కి 13, 2కి 14, అలా 24 దాకా.

మైనం సంగతి కూడా చూసుకో. తేనెమైనంలో బొగ్గుపొడి తక్కువైతే ఎండాకాలం మెట్టు కుంగుతుంది, ఎక్కువైతే తీగని పక్కకి లాగి గమకం పలికించినప్పుడు అంచు పెళుసుగా రాలుతుంది. చల్లారిన ముద్ద మీద గోరు నొక్కు: లోతుగా దిగితే పొడి చాల్లేదు, పెళ్లలు ఊడితే మైనం చాల్లేదు.

నాగావళి:
చిన్న వీణకి ఈ శ్రుతి చూసే పనే ఉండదు. ఆ లెక్కతో నీ నెలని కొలవడం అన్యాయం. అయితే ఇల్లు గడవాలి కదా, మిగిలిన పనస ముక్కలతో వారంలో రెండు రోజులు అవీ చెయ్యి, తప్పేం లేదు. నెల ఎక్కడ పోతోందో మాత్రం రాసుకో: దుంగ ఏ రోజు కోశావు, గోడ మందం ఎంత, మేళం ఎప్పుడు కట్టావు, పదిహేను రోజులకి ఏ మెట్టు జారింది. కొత్త వీణని నీ పాత వీణ పేజీతోనే పోల్చుకో. పచ్చి దుంగ చివర్లు ముందు ఎండి పగుళ్లిస్తాయి. చివర్లకి మైనం పూసి నీడన ఉంచు. ఒకటి ఆరుతుంటే ఇంకొకటి తొలువు.

తాళపుతీగ:
అమ్మే ముందు విజయనగరం సంగీత కళాశాలలో వీణ వాయించేవాళ్లెవరి చేతికైనా ఇవ్వండి. 1919 నుంచి ఉన్న కళాశాల, చెవి తెలిసినవాళ్లు దొరుకుతారు. రిషభం మెట్టు మీద తీగ లాగి మధ్యమం దాకా తెమ్మనండి. దారిలో గరగర వస్తే ఆ పక్క మెట్టు ఎత్తుగా ఉన్నట్టు. దాని కింది మైనాన్నే వేడి కమ్మీతో మెత్తబరిచి మెట్టు దించండి, మిగతా 23 ముట్టుకోకండి.