ఒకే క్లస్టర్, నాలుగు టీమ్‌లు: కోటాలు ఉంచాలా, ఎత్తేయాలా?

రాత్రి_డ్యూటీ:
మా కుబెర్నెటీస్ క్లస్టర్‌ని (ప్రోగ్రాములు నడిపే మెషీన్ల గుంపుని) నాలుగు టీమ్‌లు వాడుతున్నాయి. ఒక్కో టీమ్ నేమ్‌స్పేస్‌కి (క్లస్టర్‌లో ఆ టీమ్ వాటా భాగానికి) రిసోర్స్ కోటా, అంటే సీపీయూ, మెమరీ ఇంతకు మించకూడదనే పరిమితి, పెట్టాం. నెలాఖరు వస్తే రిపోర్టుల టీమ్‌కి "ఎక్సీడెడ్ కోటా" అని ఎర్రర్ వస్తుంది, పాడ్‌లు (ప్రోగ్రామ్ నడిచే యూనిట్లు) పుట్టనే పుట్టవు. అదే సమయంలో పక్క టీమ్ కోటా సగం ఖాళీ. ఎత్తేద్దామని కొందరు, వద్దని కొందరు. మీరేమంటారు?

డేటా_పైప్‌లైన్:
ఎత్తేయండి. ఖాళీ మెషీన్లకి బిల్లు కట్టడం ఎందుకు? ఎవరికి పని ఉంటే వాళ్లు వాడుకుంటారు.

క్లస్టర్_కాపరి:
నేను ఒప్పుకోను. కోటా లేకపోతే కాలువకి ఎగువనున్న రైతుదే నీరు. ఒక టీమ్ రెప్లికాలు (ఒకే పాడ్ కాపీలు) 20 నుంచి 200 చేస్తే చాలు, మిగతావాళ్ల కొత్త పాడ్‌లన్నీ చోటు దొరక్క పెండింగ్.

అయితే అసలు జబ్బు కోటాలో లేదు, రిక్వెస్టుల్లో ఉంది, అంటే ఒక్కో పాడ్ తనకి కావాలని ముందే అడిగే సీపీయూ, మెమరీలో. ఏ పాడ్ ఏ మెషీన్ మీద నడవాలో తేల్చే షెడ్యూలర్ చూసేది పాడ్ ఎంత అడిగిందన్నదే, ఎంత వాడుతోందన్నది కాదు. 4 సీపీయూలు అడిగి అర సీపీయూ వాడే పాడ్‌లు నిండితే, నోడ్ (క్లస్టర్‌లోని మెషీన్) పని లేక చల్లగా ఉన్నా కొత్త పాడ్‌కి చోటుండదు. తగ్గించమంటే ఎవరూ తగ్గించరు. ఇప్పుడు వదులుకుంటే రేపు అవసరానికి దొరకదని భయం. నా దృష్టిలో ఆ భయం న్యాయమైనదే, దాన్ని తీర్చకుండా ఎన్ని మీటింగులు పెట్టినా లాభం లేదు.

అందుకే ప్రతి టీమ్‌కి కొంత గ్యారంటీ ఇవ్వాలి, ఖాళీగా ఉన్నది అప్పివ్వాలి, సొంతదారు అడగ్గానే వెనక్కి రావాలి. బ్యాచ్ జాబులకి (మొదలై, పని అయ్యాక ముగిసేవాటికి) క్యూ (Kueue) అనే టూల్ ఇదే చేస్తుంది: టీమ్‌ల వరుసలన్నీ ఒక కోహార్ట్‌లో (అప్పు పంచుకునే గుంపులో) ఉంటే ఒకరి మిగులు ఇంకొకరు వాడుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. అప్పు వెనక్కి తీసుకోవాలా అని చెప్పే రీక్లెయిమ్‌వితిన్‌కోహార్ట్ సెట్టింగ్ డిఫాల్ట్‌గా "నెవర్" ఉంటుంది. అది మార్చకపోతే ఇచ్చిన అప్పు ఆ జాబ్ అయ్యేదాకా తిరిగి రాదు.

డేటా_పైప్‌లైన్:
వెనక్కి తీసుకోవడమంటే నడుస్తున్న జాబ్‌ని ఆపేయడమే కదండీ? గంటల తరబడి నడిచిన మోడల్ ట్రైనింగ్ మధ్యలో పోతే ఆ నష్టం ఎవరిది?

క్లస్టర్_కాపరి:
అప్పు తీసుకున్న టీమ్‌దే. చెక్‌పాయింట్ రాయని (ఆగినచోటి నుంచి మళ్లీ మొదలయ్యేలా మధ్యమధ్య సేవ్ చేసుకోని) జాబ్‌ని సొంత గ్యారంటీలోనే నడపాలి. జీపీయూల విషయంలో ఇది మరీ ముఖ్యం, మామూలుగా అవి పాడ్‌కి పూర్తి సంఖ్యలోనే ఇవ్వాలి, సీపీయూలా పంచుకోవడం కుదరదు. మెమరీలోనూ చేయి బిగించండి. సీపీయూ లిమిట్ దాటితే పాడ్ నెమ్మదిస్తుంది, మెమరీ లిమిట్ దాటితే ఓఓఎమ్ (మెమరీ చాలలేదని) కిల్ అయి ఎగ్జిట్ కోడ్ 137తో చస్తుంది.

రాత్రి_డ్యూటీ:
సరేనండీ. సోమవారం నాలుగు టీమ్‌ల లీడ్‌లని కూర్చోబెట్టి, అడిగినదీ వాడినదీ ఒకే గ్రాఫ్‌లో చూపిస్తాను. గ్యారంటీ అంకె అక్కడే తేల్చుకుంటాం. రిపోర్టుల జాబులు ముందుగా క్యూ (Kueue) టూల్‌లోకి మారుస్తాను, ఆన్‌లైన్ సర్వీసుల కోటా జోలికి ఇప్పుడే వెళ్లను.