అప్‌డేట్: లిఫ్టర్లకు, కోచ్‌కు మధ్య బరువు గొడవ

మా విజయనగరం కాలేజీ వెయిట్‌లిఫ్టింగ్ జట్టులో ముగ్గురమ్మాయిలు కోచ్‌తో పడక ప్రాక్టీస్ మానేశారని, ఏం చేయాలని పోయిన నెల అడిగాను. మీరన్నట్టే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారి ఎదుట అందరం కూర్చుని ముందు లాగ్‌బుక్ తెరిచాం. గొడవంతా అందులోనే ఉంది: పోటీలో తమ బరువు కేటగిరీ దాటకుండా వారంలో 3 కిలోలు దించమనడం, నీళ్లు మాన్పించడం. పోటీకి 2 గంటల ముందు తూకం మొదలై గంటలో ముగుస్తుంది. ఎండిపోయిన ఒళ్లు అంతలో తేరుకోదు. రెండో లిఫ్ట్ క్లీన్ అండ్ జెర్క్‌కి (బరువును ముందు భుజాల మీదికి, తర్వాత తలపైకి ఎత్తడం) వచ్చేసరికి కాళ్లు పట్టేసేవి.

ఇకపై బరువు దించడం వారానికి అర కిలో దాటకూడదు, తూకం పరగడుపునే, అన్నం తగ్గినా గుడ్లు, పప్పు తగ్గకూడదు. నీళ్లు మాన్పించడం పూర్తిగా బంద్. పై కేటగిరీకి మారాలా వద్దా అన్నది అమ్మాయి ఇష్టం.

ఇద్దరు తిరిగొచ్చారు. మూడో అమ్మాయి బాధ వేరు, అందరి ముందు కాటా ఎక్కించడం. అది మాకు ముందే తట్టాల్సింది. సోమవారం నుంచి కాటా వేరే గదిలో, మేడమ్ ఒక్కరే చూస్తారు.