ఉమ్మితో షుగర్ చెప్పే తినే సెన్సర్ నిజంగా ఉందా?

పీలేరు అబ్బాయి:
మా నాయన ఇన్సులిన్ మీద ఉన్నాడు. రోజూ వేలికి సూది గుచ్చాలంటే చెయ్యి వెనక్కి లాక్కుంటాడు, చేను పని చేసి వేళ్లు కాయలు కాసిపోయినాయి, ఒక్కోసారి మళ్లీ మళ్లీ గుచ్చితే గానీ చుక్క రక్తం రాదు. తినే సెన్సర్ అని ఒక వీడియో వచ్చింది, నోట్లో పెట్టుకుంటే ఉమ్మిని బట్టి షుగర్ చెప్తుందంట, తర్వాత మింగేయొచ్చంట. నిజమేనా? తిరుపతిలో దొరికితే ఎంతైనా పెట్టి కొంటా.

ఏర్పేడు హాస్టల్:
అన్నా, తినే ఎలక్ట్రానిక్స్ నిజమే. 2023లో ఇటలీ పరిశోధకులు తినగలిగే బ్యాటరీ చేశారు, అందులో బి2 విటమిన్, క్వెర్సెటిన్ అని మొక్కల్లో ఉండే పదార్థం, యాక్టివేటెడ్ చార్‌కోల్ అనే బొగ్గు పొడి, సముద్రపు నాచు, తేనెమైనం, మిఠాయిల మీద అద్దే లాంటి బంగారు రేకు ఉంటాయి. 0.65 వోల్టులే ఇస్తుంది కాబట్టి కడుపులోకి పోయినా భయం లేదు. అంతకుముందే 2017లో అమెరికాలో సెన్సర్ ఉన్న మాత్రకు అనుమతి వచ్చింది. రాగి, మెగ్నీషియం, సిలికాన్‌తో ఇసుక రేణువంత ఉంటుంది, కడుపులో రసం తగలగానే ఒంటిమీది ప్యాచ్‌కి సిగ్నల్ పంపుతుంది. కానీ అది మాత్ర మింగారా లేదా అన్నది చెప్తుంది, అంతే. షుగర్ సంగతి దానికి తెలీదు.

ల్యాబ్ అక్క, తిరుపతి:
తమ్ముడూ, చిక్కు సెన్సర్‌లో కంటే ఉమ్మిలోనే ఎక్కువుంది. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ లాంటివి ఉమ్మిలో బాగానే తెలుస్తాయి, హెచ్‌ఐవీకి చిగుళ్ల దగ్గర తుడిచి చేసే టెస్టు కూడా ఉంది. గ్లూకోజ్ అలా కాదు, రక్తంలో ఉన్నదానికి సుమారు 100 రెట్లు తక్కువుంటుంది, అప్పుడే తిన్న ఇడ్లీ ముక్క పళ్ల సందులో ఉన్నా లెక్క మారిపోతుంది. ఆ అంకె చూసి ఇన్సులిన్ డోసు వేస్తే ప్రాణం మీదికొస్తుంది, దయచేసి అలాంటిదేదీ కొనొద్దు.

నాయనకు వేలి కొస మధ్యలో కాకుండా పక్కన గుచ్చు, నొప్పి తక్కువ. ముందు గోరువెచ్చని నీళ్లతో చెయ్యి కడిగి, కిందికి వేలాడదీసి, వేలు మెల్లగా నొక్కుకుంటూ రా, రక్తం దిగుతుంది. బాగా తుడిచినాకే గుచ్చు. మామిడికాయల సీజన్లో మరీ జాగ్రత్త, పండు కోసిన చేత్తో చేస్తే లేని షుగర్ చూపిస్తుంది.

పీలేరు అబ్బాయి:
అక్కా, భుజానికి అతికించేది ఒకటి ఉందంట కదా?

ల్యాబ్ అక్క, తిరుపతి:
సీజీఎం, అంటే కంటిన్యువస్ గ్లూకోజ్ మానిటర్. చర్మం కింది ద్రవంలో షుగర్ ఎంతుందో ఎప్పటికప్పుడు చూస్తుంది, కొన్ని రకాలు 14 రోజుల దాకా వస్తాయి. ఖర్చు ఎక్కువే, కానీ ఇన్సులిన్ వాడేవాళ్లకు నిజంగా పనికొస్తుంది. ఒంట్లో తేడాగా ఉండి అంకె మాత్రం మామూలుగా చూపిస్తే మళ్లీ వేలికే గుచ్చి చూడండి. ఈసారి చెకప్‌కి పోయినప్పుడు డాక్టర్‌ని అడుగు.