“ఈశ్వరునే”లో “నే” ఎవరు?

కోడ్ పంతులు: పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో క్లాసుల (వస్తువులను పోతపోసే అచ్చుల) పాఠం చెబుతుంటే పోతన గజేంద్రమోక్షంలోని పాదం ఒకటి వదలకుండా వెంటాడుతోంది. “...వాని నాత్మభవు నీశ్వరునే శరణంబు వేడెదన్”. ఏనుగు అనే క్లాసులో వేడు అనే మెథడ్ (ఆ వస్తువు చేసే పని) రాస్తే మొదటి స్థానంలో సెల్ఫ్ (ఆ పని చేసే వస్తువు) ఉండాలి. పిలిచేటప్పుడు మాత్రం గజేంద్రుడు.వేడు() చాలు. పైథాన్ దాన్ని ఏనుగు.వేడు(గజేంద్రుడు)గా తీసుకుంటుంది. చెప్పకుండానే అందే ఈ కర్తను చూశాక అడగాలనిపించింది: ఆ “నే” నేను అనా, అవధారణా (అతణ్ణే అని నొక్కిచెప్పడమా)?

పద్యప్రియ: అవధారణే. ఆ ఈశ్వరుణ్ణే, మరొకరిని కాదు. “వేడెదన్”లో ఉత్తమపురుష ఉండనే ఉంది, మళ్ళీ నేను దేనికి?

సూత్రధారి: వాని, ఆత్మభవున్, ఈశ్వరున్ అని వరుసగా మూడు ద్వితీయావిభక్తి పదాలు. ఏకారం చివరిదానికే ఎందుకు తగులుతుంది? ఈశ్వరున్, నే అని విడదీయండి, అన్వయం హాయిగా కుదురుతుంది. ఎటు విడదీసినా అక్కడ గురువే కాబట్టి ఛందస్సు తీర్పు చెప్పదు.

పద్యప్రియ: చివర నిలిచిన ఏకారం మూడింటినీ పట్టుకుంటుందండీ. పోతన చెవి అలాంటిది.

కోడ్ పంతులు: క్రియలో కర్త ఉన్నా విడిగా చెప్పడం నాకు నచ్చింది. సెల్ఫ్ అన్న పేరు ఆచారమే, వేరే పేరు పెట్టినా నడుస్తుంది. మనకు విభక్తి తేల్చేదాన్ని అక్కడ స్థానం తేలుస్తుంది.

మూలవాసి: అసలు విశేషం “ఆత్మభవు”లో ఉంది. నిఘంటువులో ఆ మాటకు మన్మథుడనీ అర్థముంది, ఇక్కడ తనంత తాను పుట్టినవాడు. పైథాన్‌లో టైప్ అనే క్లాసు అలాంటిదే. క్లాసులన్నీ మామూలుగా దాని నుంచి పుడతాయి, టైప్ ఏ రకమని అడిగితే టైప్ అనే వస్తుంది.

సూత్రధారి: అయితే ఆ పద్యం మొదటి మాట “ఎవ్వనిచే జనించు” న్యూ అనే మెథడ్‌కు చెందాలి. 2001లో వచ్చిన పైథాన్ 2.2 నుంచి వస్తువును పుట్టించేది అదే. ఇనిట్ అనే మెథడ్ పుట్టినదాన్ని సర్దుతుంది, ఏదైనా తిరిగి ఇవ్వబోతే టైప్ ఎర్రర్ అని తప్పు చూపుతుంది. ఇనిట్‌ను నిర్మాత (కన్‌స్ట్రక్టర్) అనడం నాకు మింగుడుపడదు.

పద్యప్రియ: “ఎవ్వనిచే”లో “చే” కర్తకా, కరణానికా (సాధనానికా)?

కోడ్ పంతులు: దానికి ముందు నా “నే” తేల్చండి. అరసున్నలతో అచ్చయిన పాత ప్రతి ఉన్నవారు పదచ్ఛేదం చూసి చెప్పగలరా?

మూలవాసి: ప్రతి ఉంది, టీక లేదు. పద్యమంతా కలిపే అచ్చువేశారు.