ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో ఎస్క్‌డేల్ లోయకు సైకిలు దారి: యాప్ ప్రతిసారీ కొండ మీదికే ఎందుకు పంపుతోంది?

సైకిలు సవారి: అందరికీ నమస్కారం. నిన్న రాత్రి భోజనమయ్యాక కూర్చున్నవాణ్ని, ఒంటిగంట దాటినా ఒక్క దారి గీయలేకపోయాను. మా బస నుంచి ఎస్క్‌డేల్‌కు సైకిలు మీద వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావాలి, అంతే. దారి చూపే యాప్ నన్ను హార్డ్‌నాట్ కనుమ మీదుగా పంపుతోంది. దాన్ని చెరిపి నడుమ వేరే ఊరు పెడితే వాల్నా స్కార్ రోడ్ అనే దారిని చూపుతోంది. దాన్నీ చెరిపితే మళ్ళీ హార్డ్‌నాట్‌కే వస్తోంది. పటంలో జానెడు దూరం కూడా లేని రెండు ఊళ్ళ మధ్య మామూలు రోడ్డు లేకపోవడం ఏమిటి? యాప్ పాడైందా, నాకు వాడటం రావడం లేదా? అనుభవమున్నవారు ఒక మంచి దారి చెప్పగలరు. రోజుకు 60 దాకా తొక్కగలను కాబట్టి దూరం సమస్య కాదు.

పాత గొలుసు: ముందు, వెనుక పళ్ళచక్రాలకు ఎన్నెన్ని పళ్ళున్నాయో చెప్పండి. అది తెలియకుండా దారి చెప్పలేము.

కెజిక్ బాటసారి: ఎస్క్‌డేల్ ఆలోచన మానుకోండి. కెజిక్ నుంచి డెర్వెంట్‌వాటర్ సరస్సు గట్టు వెంట బారోడేల్ లోయలోకి వెళ్ళి, 356 మీటర్ల హానిస్టర్ కనుమ ఎక్కి, బటర్‌మియర్ వైపు దిగి, న్యూలాండ్స్ మీదుగా తిరిగి కెజిక్ చేరండి. మొత్తం 40 కిలోమీటర్ల లోపే. హానిస్టర్ పైన పలకరాయి గని దగ్గర ఆగితే రెండు లోయలూ కనబడతాయి. ఒక్క జాగ్రత్త చెబుతాను. బారోడేల్‌లోని సీత్‌వైట్‌లో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, కాబట్టి ఉదయం ఎండ కాసిందని వానకోటు ఇంట్లో వదిలి వెళ్ళకండి. నేను ఒకసారి వదిలి వెళ్ళి, బటర్‌మియర్‌లో టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని గంటసేపు వణుకుతూ కూర్చున్నాను.

సైకిలు సవారి: ధన్యవాదాలండి, కానీ మా బస కెజిక్‌లో కాదు, ఆంబుల్‌సైడ్‌లో. మొదటే రాశాననుకున్నాను. ఎస్క్‌డేల్‌కే వెళ్ళాలి. గేర్లు మొత్తం 22 ఉన్నాయి, చాలినన్ని.

పాత గొలుసు: ఎన్ని గేర్లని కాదు, ఎన్ని పళ్ళని అడిగాను.

కొండదారి ఇంజినీరు: యాప్‌లో తప్పేమీ లేదు, తప్పంతా ఆ నేలది. ఈ ప్రాంతపు లోయలు నడిమి కొండల నుంచి చక్రపు ఆకుల్లా నలువైపులకూ విచ్చుకుంటాయి. ఒక ఆకు నుంచి పక్క ఆకుకు పోవాలంటే ఇరుసు దగ్గర కొండ దాటాలి, లేదా అంచు దాకా దిగి చుట్టూ తిరిగి రావాలి. ఆంబుల్‌సైడ్ నుంచి నేరుగా వెళితే ముందు రైనోస్, తరువాత హార్డ్‌నాట్ అనే రెండు కనుమలు వస్తాయి, రెండూ 393 మీటర్ల ఎత్తువే. ఆ ఎత్తు చూసి మన అరకు ఘాట్ రోడ్డు ముందు ఇదెంత అనుకోకండి. మన దేశంలో ఘాట్ రోడ్డును లారీ ఎక్కగలిగేలా మలుపులు తిప్పుతూ సాగదీస్తారు. నిబంధన ప్రకారం 3,000 మీటర్ల ఎత్తు వరకు నిటారు కొండల్లో సాధారణ వాలు 6 శాతం, తప్పనిసరి అయితే 8 శాతం. హార్డ్‌నాట్‌లో వాలు కొన్నిచోట్ల 33 శాతం ఉంటుంది. రోమన్లు నడిచిన కొండ అది, వారి కోట గోడలు ఎస్క్‌డేల్ వైపు దిగేటప్పుడు ఈనాటికీ కనబడతాయి. లారీని దృష్టిలో పెట్టుకుని వేసిన దారి కాదని మొదటి మలుపులోనే తెలిసిపోతుంది.

కెజిక్ బాటసారి: 33 డిగ్రీల వాలును సైకిలు మీద ఎక్కడం మనిషికి సాధ్యం కాదు, ఈ లెక్క నమ్మదగినది కాదు.

కొండదారి ఇంజినీరు: నేను డిగ్రీలు అనలేదు, శాతం అన్నాను. మూడు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేవడం 33 శాతం, డిగ్రీల్లో అది సుమారు 18. వాలును శాతంలో, కోణాన్ని డిగ్రీల్లో చెప్పాలన్న తేడా మనవారు పాటించకపోవడం వల్లనే ఇలాంటి అనుమానాలు వస్తాయి.

కెజిక్ బాటసారి: రోడ్డు పక్కన కొలబద్ద పట్టుకుని తొక్కేవారెవరూ లేరు. మాకు నిటారు అంటే నిటారే.

లాంకస్టర్ అమ్మాయి: సవారి గారూ, వాల్నా స్కార్ రోడ్ పేరులో రోడ్ ఉంది కానీ అది తారు రోడ్డు కాదు. కోనిస్టన్ నుంచి డడన్ లోయలోకి దిగే రాళ్ళ బాట, సన్న టైర్లతో వెళితే సైకిలును భుజాన మోయవలసి వస్తుంది. మీరు అడుగుతున్న మామూలు దారి దక్షిణం వైపు ఉంది. ఆంబుల్‌సైడ్ నుంచి ఎ593 మీద కోనిస్టన్, టార్వర్ మీదుగా బ్రౌటన్ చేరండి. డడన్ వంతెన దగ్గర ప్రధాన రహదారి వదిలి నది వెంట ఉల్ఫాకు వెళ్ళండి. అక్కడ ఎడమకు తిరిగి బర్కర్ ఫెల్ అనే కొండ ఎక్కితే అవతల ఎస్క్‌డేల్ గ్రీన్. ఉల్ఫా దాటగానే మొదటి ముక్క నిటారుగానే ఉంటుంది, కానీ ఆ పైన దారి విశాలమైన బోడి మైదానంలో సాగుతుంది. కంచె ఉండదు కాబట్టి హెర్డ్‌విక్ గొర్రెలు దారి మధ్యనే పడుకుంటాయి, గంట కొట్టినా లేవవు. వెళ్ళడానికే దాదాపు 50 కిలోమీటర్లు. యాప్‌లో బ్రౌటన్, ఉల్ఫా రెండింటినీ నడుమ బిందువులుగా పెడితే అది మీ మాట వింటుంది. ఇంతకీ మీరన్న 60 మైళ్ళా, కిలోమీటర్లా?

సైకిలు సవారి: కిలోమీటర్లేనండి, మనవాళ్ళం మైళ్ళు లెక్కపెడతామా! అయితే రానూపోనూ 100 అవుతుంది. హార్డ్‌నాట్ దారి 25 కిలోమీటర్లే కనబడుతోంది కదా, వెళ్ళేటప్పుడు అటే వెళితే సరిపోదా? పాత గొలుసు గారూ, పళ్ళు లెక్కపెట్టాను. ముందు 52, 36. వెనుక 11 నుంచి 25. పెద్ద గేరు ఉంది కాబట్టి కొండ ఎక్కవచ్చు కదా?

పాత గొలుసు: మీకున్నది చదునునేలకు పనికివచ్చే పెద్ద గేరు. కొండకు చిన్న గేరు కావాలి.

సైకిలు సవారి: వెనుక 25 పళ్ళది అన్నిటికన్నా పెద్ద చక్రమే కదా?

పాత గొలుసు: వెనుక చక్రం పెద్దదైతే గేరు చిన్నదవుతుంది. ముందు 36, వెనుక 25 మీద పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిలు 3 మీటర్లు కదులుతుంది. 30 శాతం వాలులో అది దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తు. ప్రతి చుట్టుకూ మీ బరువును, సైకిలు బరువును నడుమెత్తు అరుగు మీదికి లేపుతున్నట్లు లెక్క. ముందు 34, వెనుక 34 ఉంటే అదే ఎత్తు 60 సెంటీమీటర్లకు తగ్గుతుంది. అప్పుడు కూడా చాలామంది దిగి నడుస్తారు.

కొండదారి ఇంజినీరు: దిగేటప్పటి సంగతి ఎవరూ చెప్పలేదు. తడి రోడ్డు మీద చక్రపు అంచును పట్టే బ్రేకులతో హార్డ్‌నాట్ దిగడం ఎక్కడం కన్నా ప్రమాదకరం. పైగా మలుపు లోపలి వైపు వాలు ఇంకా ఎక్కువ. శాతం లెక్కలో చూస్తే...

లాంకస్టర్ అమ్మాయి: శాతాల మాట తరువాత చూద్దామండి. సవారి గారూ, ఎస్క్‌డేల్‌కే వెళ్ళాలని అంత పట్టుదల ఎందుకో చెబితే వేరే ఉపాయం దొరకవచ్చు.

సైకిలు సవారి: పిల్లలకు ఆ చిన్న రైలు ఎక్కించాలి. రేవెన్‌గ్లాస్ నుంచి ఎస్క్‌డేల్‌లోని డాల్‌గార్త్ దాకా 7 మైళ్ళు నడిచే రైలు, పట్టాల మధ్య 15 అంగుళాలే ఉంటుందట. మా ఆవిడ పిల్లలను తీసుకుని కారులో నేరుగా రేవెన్‌గ్లాస్‌కు వస్తుంది, నేను సైకిలు మీద వెళ్ళి డాల్‌గార్త్‌లో వాళ్ళను కలుసుకోవాలని అనుకున్నాము.

పాత గొలుసు: కారు వస్తున్నదని ఇప్పుడా చెప్పడం! బర్కర్ ఫెల్ మీదుగా 50 కిలోమీటర్లు తొక్కండి. వచ్చేటప్పుడు సైకిలును కారుకు తగిలించుకుని రండి.

లాంకస్టర్ అమ్మాయి: అవును, అదే మేలు. ఆవిడను మాత్రం తిరుగు ప్రయాణంలో హార్డ్‌నాట్ మీదుగా కారు నడపమనకండి. ఎదురుగా మరో కారు వస్తే వెనక్కి నడపవలసింది ఆవిడే.

సైకిలు సవారి: బాగుంది, ధన్యవాదాలు. యాప్‌లో సైకిలు రకం దగ్గర మౌంటెన్ బైక్ అని ఉన్నట్లు ఇప్పుడే చూశాను. సరిచేశాను, వాల్నా స్కార్ పోయింది, హార్డ్‌నాట్ మాత్రం అలాగే ఉంది. కారుకు సైకిలు తగిలించే చట్రం మా దగ్గర లేదు, ముందు చక్రం ఊడదీస్తే వెనుక సీట్లో పడుతుందా?

కొండదారి ఇంజినీరు: పిల్లలెంతమంది?