నరైన్ కార్తికేయన్ రేసు జీవితాన్ని పాయింట్ల పట్టిక చూసి తేల్చవచ్చునా?

నాగావళి (రాయగడ)

పెద్దలకు నమస్కారం. మా ఊరి తెలుగువారిలో ఫార్ములా వన్ కారు రేసులు చూసేవారు కొద్దిమందే. అయినా ఆ కొద్దిమందీ కలిసిన చోట, ఆ పోటీలో నడిపిన మన దేశపు డ్రైవరు కార్తికేయన్ ప్రస్తావన రాకుండా ఉండదు. పక్కనే జేకేపూర్‌లో జేకే పేపర్ మిల్లు ఉంది కాబట్టి, అదే సంస్థల కుటుంబానికి చెందిన జేకే టైర్ మన దేశపు రేసింగ్‌కు ఏళ్ల తరబడి అండగా నిలుస్తున్న సంగతి మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ పరిచయంతోనే ఈ ఆటపై ఆసక్తి కలిగింది.

మొన్న మా బావ ఒక వాదన పెట్టాడు. రెండు విడతలు (2005, తరువాత 2011–12) కలిపి 46 రేసులు నడిపిన డ్రైవరుకు దక్కినవి అయిదే పాయింట్లు, అవి కూడా ఆరు కార్లు మాత్రమే పరుగెత్తిన ఒకే ఒక్క రేసులో వచ్చినవి, కాబట్టి కారు బాగాలేదనడం ఆడలేక మద్దెల ఓడన్నట్లే ఉందని అతని మాట. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు గాని, సరైన జవాబు చెప్పలేకపోయాను. బలహీనుడైన డ్రైవరైతే మిగతా పోటీలలో ఎలా గెలిచాడు? 2005 తరువాత అయిదేళ్లపాటు సీటు ఎందుకు దొరకలేదు? దొరికిన తరువాత మళ్లీ ఎందుకు పోయింది? తెలిసినవారు వివరంగా రాయగలరు.


మహేంద్రతనయ (పర్లాకిమిడి)

నాగావళి గారికి, మీ బావగారు చెప్పిన అంకెలు సరైనవే. ఆ అంకెలతో ఆయన తేల్చిన సంగతితోనే నాకు పేచీ.

ముందుగా ఆ ఆరు కార్ల రేసు, అంటే అమెరికాలోని ఇండియానాపొలిస్ గురించి. 2005 జూన్ 19న జరిగిన ఆ రేసుకు ముందు ప్రాక్టీసులో, బాగా వాలుగా కట్టిన చివరి మలుపు దగ్గర రాల్ఫ్ షూమాకర్ కారు టైరు దెబ్బతిని గోడకు గుద్దుకుంది. తమ టైర్లు ఆ మలుపు ఒత్తిడిని రేసంతా తట్టుకుంటాయన్న హామీ ఇవ్వలేమని మిషెలిన్ సంస్థ తేల్చింది. ఆ ఏడాది నిబంధనల ప్రకారం రేసు మధ్యలో టైర్లు మార్చుకోవడానికి వీలు లేదు. మలుపు దగ్గర వేగం తగ్గేలా అడ్డుకట్ట పెట్టమన్న విన్నపాన్ని పాలకసంస్థ ఒప్పుకోలేదు. దాంతో రేసు మొదలయ్యే ముందు అందరూ తిరిగే చుట్టు (ఫార్మేషన్ ల్యాప్) పూర్తికాగానే మిషెలిన్ టైర్లు వాడే 14 కార్లు పిట్ లేన్‌లోకి వెళ్లిపోయాయి. మిగిలినవి బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న రెండు ఫెరారీలు, కార్తికేయన్ జట్టు జోర్డాన్ కార్లు రెండు, రెండు మినార్డీలు. మైఖేల్ షూమాకర్, బారికెలో, మొంటేరో, కార్తికేయన్, ఆల్బర్స్, ఫ్రీసాకర్ ఆ వరుసలోనే గీత దాటారు. భారతీయుడికి దక్కిన మొదటి ఫార్ములా వన్ పాయింట్లు అవే. ప్రేక్షకులు తిట్టిపోసిన రేసులో వచ్చాయి కాబట్టి వాటిని గొప్పగా చెప్పుకోనక్కర లేదు. అయితే ఆ ఏడాది జోర్డాన్ కారు మామూలు రేసులో, అందరూ పరుగెత్తితే, పాయింట్లు తేగలిగినదేనా అన్నది కూడా అడగాలి. చేతులు మారి, మిడ్‌ల్యాండ్ యాజమాన్యం కిందికి వెళ్లి, మరుసటి ఏడాదికి పేరు కూడా పోగొట్టుకోబోతున్న జట్టు అది. దాని కార్ల పోరాటం మినార్డీతోనే సాగింది.

ఇక రెండో విడత. 2011లో ఆయన చేరిన స్పెయిన్ జట్టు హెచ్ఆర్‌టీ ఆ ఏటి కొత్త కారును సీజనుకు ముందు జరిగే పరీక్షలలో ఒక్క ల్యాప్ కూడా నడపకుండానే ఆస్ట్రేలియాకు వెళ్లింది. రేసులో ఎవరు ఎక్కడి నుంచి బయలుదేరాలో తేల్చే క్వాలిఫయింగ్ మొదటి దశలో అందరికన్నా వేగంగా తిరిగినవారి సమయానికి 107 శాతం లోపల ల్యాప్ పూర్తి చేయలేనివారికి రేసులో చోటు లేదన్న నియమం ఆ ఏడాదే తిరిగి వచ్చింది. ఫలితంగా హెచ్ఆర్‌టీ కార్లు రెండూ మెల్‌బోర్న్‌లో రేసు జరిగే ఆదివారం నాడు గ్యారేజీలోనే ఉండిపోయాయి. 2012లో కూడా అక్కడే, అదే కథ మళ్లీ జరిగింది. రెండుసార్లూ ఆయన పక్క కారు నడిపినవారు (మొదట లియుజ్జి, తరువాత పెద్రో దె లా రోసా) అనుభవం గలవారే, వారికీ అదే గతి పట్టింది. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు.

అందుచేత నా మాట ఇది: చక్రాలు బయటికి కనబడే ఈ కార్ల పోటీలలో డ్రైవరును అంచనా వేయాలంటే పాయింట్ల పట్టికకన్నా, అదే కారు నడిపిన సహచరుడితో పోల్చి చూడటం మేలు.

ఆ కొలమానంతో నాకు బాగా గుర్తున్నది 2011 అక్టోబరు 30. గ్రేటర్ నోయిడాలో మొట్టమొదటి భారత గ్రాండ్ ప్రి అది. ఆ జూలైలో కార్తికేయన్ సీటును, రెడ్ బుల్ జట్టు తన కుర్రవాడికి అనుభవం రావాలని పంపిన డానియెల్ రికియార్డోకు ఇచ్చేశారు. సొంతగడ్డ మీద రేసుకు మాత్రం లియుజ్జి స్థానంలో ఈయనను మళ్లీ కూర్చోబెట్టారు. నెలల తరబడి ఆ కారులో రేసు నడపకుండా వచ్చిన మనిషి 17వ స్థానంలో ముగించగా, రికియార్డో ఆయన వెనుక 18వ వాడుగా వచ్చాడు. ఆ రికియార్డోయే తరువాత ఎనిమిది గ్రాండ్ ప్రిలు గెలిచాడు. ఒక్క రేసును పట్టుకుని ఎవరు గొప్పో చెప్పలేము, నిజమే. కానీ పాయింట్ల పట్టికలో ఆ రోజు కార్తికేయన్‌కు కనబడేది సున్నా.


ఋషికుల్య (బరంపురం)

మాస్టారూ, మీరు రాసినదానిలో తప్పు పట్టేందుకు ఏమీ లేదు. అయితే మీరు చెప్పిన కొలమానాన్నే మిగతా ఏళ్లకూ పెట్టి చూద్దాం.

2005లో ఆయనతోపాటు అదే జోర్డాన్‌లో అదే ఏడాది అరంగేట్రం చేసిన టియాగో మొంటేరో 19 రేసులలో 18 పూర్తి చేశాడు. మొదటి ఏడాది డ్రైవరుకు అది చాలా అరుదైన నిలకడ. కార్తికేయన్ మాత్రం చివరి రేసు చైనాలో గోడకు కొట్టి సీజన్ ముగించారు. 2012లో దె లా రోసా నలభై దాటినవాడు. అయినా క్వాలిఫయింగ్‌లో ఎక్కువసార్లు ఆయనే ముందుండేవాడు. ఇంకా వెనక్కు వెళ్తే, ఫార్ములా వన్ కన్నా కింది మెట్టు పోటీ అయిన బ్రిటిష్ ఫార్ములా త్రీలో 1999లో ఈయనతో పోటీపడిన జెన్సన్ బటన్ మరుసటి ఏడాదే ఫార్ములా వన్ జట్టు విలియమ్స్ కారు ఎక్కాడు. 2000లో కార్తికేయన్ కన్నా ఒక్క మెట్టు పైన, మూడో స్థానంలో నిలిచిన టకుమా సాటో 2001లో ఆ పోటీ గెలిచి, 2002కల్లా ఫార్ములా వన్‌లో ఉన్నాడు. పాయింట్లను బట్టి చూస్తే మన డ్రైవరు వారికి దగ్గరగానే ఉన్నారు గాని, పై తలుపు తెరుచుకునేటంత స్పష్టంగా ఆ పోటీని గెలుచుకోలేదు. మనవాడు కాబట్టి ఈ భాగాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు.

అయితే ప్రతిభ లేదన్న మాటను కూడా నేను ఒప్పుకోను. అంతకు ముందు 1994లో బ్రిటన్ ఫార్ములా ఫోర్డ్ వింటర్ సిరీస్ గెలిచి, యూరప్‌లో ఛాంపియన్‌షిప్ సాధించిన తొలి భారతీయుడైనవాడు, 1996లో ఫార్ములా ఆసియా ఛాంపియన్ అయినవాడు, 2000లో కొరియా సూపర్ ప్రి గెలిచినవాడు మామూలు డ్రైవరు కాడు. మంచి డ్రైవరుకూ, ఎవరూ కాదనలేని డ్రైవరుకూ మధ్య ఉన్న సన్నటి చోటులో ఆయన జీవితం గడిచింది. నిజానికి ఈ వృత్తిలో చాలామంది జీవితం అక్కడే గడుస్తుంది, వాళ్ల పేర్లు మనకు తెలియవు అంతే.


నాగావళి (రాయగడ)

ఇద్దరికీ కృతజ్ఞతలు. 2012లో మలేషియా రేసు తరువాత రెడ్ బుల్ డ్రైవరు వెటెల్ కార్తికేయన్ గారిని మాటలన్నాడని మా బావ చెబుతున్నాడు. ఆ రోజు తప్పు ఎవరిది? అలాగే డబ్బు విషయం ఎవరూ ఇంకా రాయలేదు.


కొలాబ్ గట్టు (జయపురం)

అమ్మాయీ, మలేషియా సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది పట్టికలో కనబడని మంచి రోజు కూడా. వాన వస్తుందని లెక్కవేసి, బయలుదేరే వరుస (గ్రిడ్) చివర నుంచి కార్తికేయన్ పూర్తి వాన టైర్లతో బయలుదేరారు. అంచనా ఫలించి, కుండపోత వాన వల్ల రేసును ఎర్ర జెండాతో నిలిపివేసే సమయానికి హెచ్ఆర్‌టీ కారు పదో స్థానంలో ఉంది. తిరిగి మొదలయ్యాక బటన్ ఆయన కారును తాకి తన కారు ముందు రెక్క విరగ్గొట్టుకున్నాడు. ఆ తరువాత చివరి భాగంలో, ఒక ల్యాప్ ముందున్న వెటెల్ దాటుకుపోతూ పక్కకు వచ్చినప్పుడు చక్రాలు రాసుకుని వెటెల్ టైరు పగిలింది. రేసు పర్యవేక్షకులు కార్తికేయన్‌కే 20 సెకన్ల శిక్ష వేశారు. వెటెల్ పరుషంగా మాట్లాడింది నిజం. తడి ఆరుతున్న దారిలో, పొడి గీత వదిలి పక్కకు తప్పుకుంటే చక్రాలకు పట్టు దొరకదు, వదలకపోతే వెనుకవాడికి కోపం వస్తుంది. అంతటి తేడా ఉన్న కార్లు ఒకే దారిలో తిరిగినంతకాలం నెమ్మది కారులో ఉన్నవాడే దోషిగా కనబడతాడు. అయినా తనను దాటే కారు పూర్తిగా ముందుకు వెళ్లేదాకా ఆయన ఇంకొక చక్రం వెడల్పు చోటు వదిలి ఉంటే బాగుండేదని నేనూ అనుకుంటాను.

ఇక డబ్బు. ఈ వృత్తిలో ఎత్తుపల్లాలు సగం ట్రాక్ మీద, సగం స్పాన్సర్ల గదులలో నిర్ణయమవుతాయి. గ్రిడ్ చివరి జట్లు డ్రైవరును తీసుకునేటప్పుడు వేగంతోపాటు అతని వెంట ఏ సంస్థ డబ్బు వస్తుందో చూస్తాయి. 2001లోనే జాగ్వార్ కారును పరీక్షించి, ఫార్ములా వన్ కారు నడిపిన తొలి భారతీయుడైన ఆయనకు అసలు రేసు సీటు 2005 దాకా రాలేదు. మధ్యలో మినార్డీతో 2004కు మాటలు జరిగినా అడిగిన డబ్బు సమకూరలేదు. టాటాల వంటి పెద్ద సంస్థ అండ దొరికాకే జోర్డాన్ తలుపు తెరుచుకుంది. 2006, 2007లలో విలియమ్స్‌లో టెస్ట్ డ్రైవరుగా ఉన్నారు. గౌరవమైన పనే గాని, కారును పరీక్షించడమే పనిగా గల టెస్ట్ డ్రైవరుకు రేసు ఆదివారాలు ఉండవు. ముప్పై ఏళ్ల వయసులో రేసు లేకుండా రెండేళ్లు గడిస్తే ఏ జట్టూ అంత తేలికగా మళ్లీ పిలవదు. ఆ తరువాత ఆయన ఎక్కడ రేసు దొరికితే అక్కడికి వెళ్లారు.

ఋషికుల్య గారు ఆ కాలాన్ని వదిలేశారు గాని, నా దృష్టిలో అసలు బలం అక్కడే ఉంది. ఏ1జీపీలో జట్లన్నింటికీ ఒకే రకం కారు ఇచ్చేవారు. ఆ పోటీలో భారత జట్టుకు 2007 డిసెంబరులో చైనాలోని జుహైలో మొదటి విజయం, 2008 మే నెలలో బ్రాండ్స్ హ్యాచ్‌లో మరొకటి తెచ్చినది ఆయనే. 2009 లె మాన్స్‌లో రేసుకు ముందు పిట్ గోడ దూకుతూ భుజం కీలు తప్పి, ఆడి కారులో ఆ రేసు నడపకుండానే ఉండిపోయారు. 2010లో అమెరికా వెళ్లి అక్కడి నాస్కార్ సంస్థ నడిపే ట్రక్కుల పోటీలో దిగారు. అదే ఏడాది ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. హెచ్ఆర్‌టీ 2012 చివర మూతపడిన తరువాత చాలామంది వ్యాఖ్యానానికో వ్యాపారానికో మళ్లే వయసులో, 2014 నుంచి 2018 దాకా జపాన్ సూపర్ ఫార్ములాలో నడిపారు. కార్లు దాదాపు సమానంగా ఉండి, స్థానిక డ్రైవర్లు ప్రతి ట్రాక్‌నూ కంఠతా పట్టిన పోటీ అది. 2019 నవంబరులో ఫుజీ ట్రాక్ మీద జపాన్ సూపర్ జీటీ, జర్మనీ డీటీఎం కార్లు కలిసి పోటీపడిన రేసును, నలభై రెండేళ్ల వయసులో, హోండా కారుతో గెలిచారు. మీ బావగారికి ఆ రేసు చూపించండి.

డబ్బు బాధ ఆయనతో పోలేదు. ఇప్పుడు దానికి తోడు సూపర్ లైసెన్స్ నియమం వచ్చింది. కింది పోటీలలో మూడేళ్ల కాలంలో 40 పాయింట్లు కూడబెట్టుకోనివారికి ఫార్ములా వన్ రేసులోకి ప్రవేశమే లేదు. దానికి సరిగ్గా కింది మెట్టయిన ఫార్ములా టూ ఛాంపియన్‌కు ఒక్క ఏడాదిలో అవి వచ్చేస్తాయి, పదో స్థానం దాటినవారికి ఏమీ రావు. మన దేశపు మరో డ్రైవరు కుష్ మైనీ 2025 మే నెలలో మొనాకోలో ఫార్ములా టూ స్ప్రింట్ (చిన్న) రేసు గెలిచినప్పుడు మనమందరం సంబరపడ్డాము. ఆ రేసులో క్వాలిఫయింగ్ మొదటి పది స్థానాలను తిరగేసి నిలబెడతారు, ఆయన ముందు వరుస నుంచి బయలుదేరి, దాటడం దాదాపు అసాధ్యమైన ఆ వీధులలో ఆధిక్యం చివరిదాకా నిలుపుకున్నాడు. గెలుపు గెలుపే. కానీ జట్లు చూసేది ఏడాది మొత్తం, అందులో ఆయన స్థానం లైసెన్స్ పాయింట్లకు చాలా దూరంలో ఉంది.


ఋషికుల్య (బరంపురం)

జపాన్ భాగం నేను వదిలేసిన మాట వాస్తవం, ఫుజీ రేసు నాకూ ఇష్టమే. అయినా సూపర్ ఫార్ములాలో అయిదేళ్లలో ఒక్క విజయం కూడా లేదన్నది దాని పక్కనే రాయాలి కదా, కొలాబ్ గారూ.